రెండు బ్రేకుల బండి

“తాళం ఇలా ఇవ్వు.”

“ఇవ్వను.”

“బావ గేటు దగ్గర నిలబడున్నాడు. నా పరువు తీయకు.”

“నిలబడనివ్వండి. నిలబడి అమ్మడమేగా ఆయన ఉద్యోగం.”

భర్త చాపిన చేయి చాపినట్టే ఉంచాడు. క్లచ్చమ్మ పిడికిలి విప్పలేదు. తాళం పళ్లు అరచేతిలో గుచ్చుకుంటున్నా బిగించే పట్టుకుంది.

ఆమె అసలు పేరు పలకడం ఆ వీధి ఎప్పుడో మానేసింది. కారు నేర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్లకి పక్క సీట్లోంచి “క్లచ్చమ్మా, క్లచ్చు!” అని ఆమె పెట్టే కేకలు విని విని, ఆ కేకనే ఆమెకి పేరుగా తగిలించింది. వెక్కిరింతకే పెట్టారు. ఆమె దాన్ని బోర్డు మీద రాయించుకుంది. క్లచ్చమ్మ డ్రైవింగ్ స్కూల్, ఆడవాళ్లకు మాత్రమే.

స్కూలంటే గది లేదు, బల్ల లేదు. పోర్టికోలో ఉన్న పాత కారే స్కూలు. పక్క సీటు కింద కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు బిగించిన కారు.

వంటగదిలో అత్తగారు సింకు ముందు నిలబడి చేతులు తోముకుంటోంది. సబ్బుతో కాదు, గిన్నెలు తోమే పీచుతో. ఇంత గొడవ జరుగుతున్నా వెనక్కి తిరగలేదు.

“ఇవాళ మళ్లీ మొరాయించిందా లేదా?” అన్నాడు భర్త. “పొద్దున కీ తిప్పితే కిక్కురుమనదు. మధ్యాహ్నానికి దానంతటదే బాగవుతుంది. మర్నాడు మళ్లీ చస్తుంది. రేడియోకైతే మతే లేదు. పెట్టిన స్టేషన్లు ఉండవు, గడియారం మళ్లీ పన్నెండు నుంచి మొదలవుతుంది. వైరింగంతా కుళ్లిపోయింది. అమ్మేద్దాం అంటే నీకెందుకంత పౌరుషం?”

“అది నా స్కూలు.”

“స్కూలట! నాలుగు చక్రాల డొక్కు.”

“మీ కళ్లద్దాల షాపులో కుర్చీ విరిగితే షాపు అమ్మేస్తారా?”

భర్త చాపిన చేయి వెనక్కి తీసుకున్నాడు.

“నేను వద్దనలేదు,” అంది క్లచ్చమ్మ కాస్త తగ్గి. “కొత్త కారు కొనుక్కోండి. మీ సరదా మీది. నా బండి ఇచ్చి మాత్రం కొనకండి. పదిన్నరకి నా స్టూడెంటుకి లైసెన్స్ టెస్టు. ఈ బండి మీదే నేర్చుకుంది, ఈ బండి మీదే టెస్టు ఇవ్వాలి.”

“స్టార్టే కాని బండిలోనా?”

అది బాగుచేయించాలనే ఆమె పొద్దున్నే మెకానిక్ షెడ్డుకి పరుగెత్తింది. షట్టరు దించి ఉంది. దాని ముందు నిలబడి ఏం చేయాలా అనుకుంటుంటే భర్త ఫోను. షోరూంలో ఉన్నా, బావా నేనూ కొత్త కారు తీసుకొస్తున్నాం, పాతది ఇవాళే ఇచ్చేస్తున్నాం అని. ఆదరాబాదరా ఇంటికొచ్చేసరికి గేటుకి అడ్డంగా, వీధి సగం ఆక్రమించుకుని, తళతళలాడుతూ ఏడు సీట్ల కొత్త క్రాసోవర్ కారు.

“చెల్లెమ్మా!” బయటి నుంచి కేక. “ఒకసారి వచ్చి చూడు. చూశాక నువ్వే తాళం నా చేతిలో పెడతావు!”

భర్త అక్క మొగుడు. ఆ షోరూంలో అమ్మకాల మేనేజరు. ఆదివారం కూడా టై విప్పని మనిషి.

క్లచ్చమ్మ బయటికి నడిచింది. తాళం మాత్రం పిడికిట్లోనే ఉంది.

* * *

“ఇదిగో చెల్లెమ్మా, ఇది కారు కాదు, కుటుంబం,” అన్నాడు బావ తలుపు తెరిచి. “ఎత్తుగా ఉంటుంది, గతుకుల్లో అడుగు తగలదు. అత్తయ్యగారి మోకాళ్లకి హాయి. వంగక్కర్లేదు, ఎగరక్కర్లేదు, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవడమే.”

“ఆ మాట నిజమే,” అంది క్లచ్చమ్మ. “సీటు ఎత్తు బాగుంది.”

బావ మొహం వెలిగింది. భర్త ఊపిరి పీల్చుకున్నాడు.

ఆమె చెప్పులు విప్పకుండా ఎక్కి, వంగి, మెలికలు తిరిగి, ఆఖరి వరస సీట్లోకి దూరింది. మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

“ఇక్కడ ఎవరు కూర్చుంటారన్నయ్యా?”

“పిల్లలు.”

“మాకు ఒకతే పిల్ల. అది నాకంటే పొడుగు.”

“చుట్టాలొస్తే...”

“చుట్టాల్ని ఇందులో కూర్చోబెడితే మళ్లీ రారు. అందుకోసమే అయితే తీసుకుందాం.” ఆమె కిందికి దిగి వెనక డోరు పైకెత్తింది. “ఈ సీట్లు నిలబెడితే ఇక్కడ ఒక్క సంచీ పడుతుంది. ఏడుగురం వెళ్లాలి, సామాను ఒక్కరికే ఉండాలి. స్టెప్నీ ఏది? ఇదా? ఇంత సన్నగా ఉందేంటి?”

“అది అవసరానికి మాత్రమే.”

“స్టెప్నీ ఎవరైనా సరదాకి వాడతారా?”

వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎదురింటి కిటికీ రెక్క ఇంకాస్త తెరుచుకుంది.

క్లచ్చమ్మ డ్రైవరు సీట్లో కూర్చుని తల తిప్పి వెనక్కి చూసింది. “వెనక స్తంభాలు ఇంత లావుగా ఉన్నాయి. నా నడుం ఎత్తు పిల్ల వెనక నిలబడితే కనపడదు.”

“కెమెరా ఉంది! చుట్టూ సెన్సార్లున్నాయి! బండి ఆపి ఉంచినా సరే, గీత పడేలోపే కూస్తుంది!”

“సౌండు తగ్గించే మీట ఏది?”

“మీటలేం ఉండవు. అంతా స్క్రీనే. రేడియో, ఏసీ, అన్నీ. ఇలా వేలితో...”

“అంటే పాట సౌండు పెంచాలన్నా రోడ్డు మీంచి కళ్లు తీసి ఇటు చూడాలి. నా స్టూడెంటు ఎవరైనా అలా చూస్తే చెయ్యి మీద ఒక్కటిస్తా.” ఆమె దిగి భర్త వైపు తిరిగింది. “మీరు దీన్ని నడిపి చూశారా?”

“షోరూం నుంచి బావ నడిపాడు. నేను పక్కన కూర్చున్నా.”

“కళ్లద్దాలు కూడా పెట్టి చూపించే అమ్ముతారు కదా మీరు? అత్తయ్యనీ, అమ్మాయినీ, సామాన్లనీ ఎక్కించి, ఎత్తెక్కే రోడ్డు మీద మీరే నడిపి చూడండి. అప్పుడు చెప్పండి కొందామో వద్దో. ఇంకో మాట. మన పోర్టికో కొలిచారా?”

భర్త పోర్టికో వైపు చూశాడు. కారు వైపు చూశాడు. మళ్లీ పోర్టికో వైపు చూశాడు.

“ఇది లోపల పెడితే గేటు మూతపడదు,” అంది ఆమె. “ముక్కు వీధిలో ఉంటుంది.”

“గేటు కాస్త ముందుకి జరిపించుకోవచ్చు,” అన్నాడు బావ.

“కారు కొంటే గేటు ఉచితమా?”

ఎదురింటి కిటికీలో నవ్వు ఈసారి దాక్కోలేదు. బావ మొహంలో వెలుగు ఆరిపోయింది. గొంతు తగ్గించాడు, తియ్యదనం మాత్రం తగ్గించలేదు.

“చూడు చెల్లెమ్మా. నువ్వు తెలివైనదానివి. కానీ ఆడవాళ్లు వెనక సీట్లో కూర్చుంటేనే బండికి నిండుతనం. మీ వదిన్ని చూడు. ఇంట్లో కార్లు అమ్మేవాడున్నాడు, అయినా ఇన్నేళ్లలో స్టీరింగ్ ముట్టుకున్న పాపాన పోలేదు. రాణిలా వెనక కూర్చుంటుంది. ఇవాళ కూడా నేనే దింపుతానన్నా. వద్దు, ఆటోలో వెళ్తా అంది పళ్ల డాక్టరు దగ్గరికి. ఎన్నిసార్లు వెళ్తుందో, ఇంకా నోట్లో పళ్లెన్ని మిగిలాయో!”

క్లచ్చమ్మ మొహం కదల్లేదు. బుగ్గ లోపలి వైపు పంటితో నొక్కిపట్టింది.

“ఇంతకీ ఎవరా స్టూడెంటు? టెస్టు, టెస్టు అంటున్నావట. ఇంకో రోజు ఇవ్వమను. కొంపలేం మునగవు.”

కొంపలు మునుగుతాయి. ఆ స్టూడెంటు అతని భార్యే.

పెళ్లికి ముందు ల్యాబులో పనిచేసిన మనిషి వదిన. అతను మాన్పించాడు. ఇప్పుడు అదే ల్యాబువాళ్లు మళ్లీ పిలిచారు. ఇల్లిల్లూ తిరిగి రక్తం శాంపిల్సు తెచ్చే పని. కారు వాళ్లే ఇస్తారు. లైసెన్స్ టెస్టు పాసైన కాగితం మాత్రం ఇవాళ సాయంత్రంలోగా చూపించాలి, లేకపోతే ఇంకొకరికి ఇస్తామన్నారు. పళ్ల డాక్టరు పేరు చెప్పి వదిన ఊరి చివరి సందుల్లో నేర్చుకున్నది ఆ ఉద్యోగం కోసమే. ఇప్పుడు టెస్టు గ్రౌండు గేటు దగ్గర నిలబడి పాత కారు కోసం ఎదురుచూస్తోంది.

“స్టూడెంటు పేరు చెప్పడం మా స్కూల్లో ఆనవాయితీ కాదన్నయ్యా,” అంది క్లచ్చమ్మ.

* * *

“మాటలు చాలు,” అన్నాడు భర్త. బావ ముందు మాట పడ్డ కోపం ఆ గొంతులో ఉంది. “బండి ఎలాగూ కదలదు. కాసేపట్లో షోరూంవాళ్లు వచ్చి తోసుకెళ్తారు. నీ సామానేదో తీసుకో.”

“తీసుకుంటా.”

ఆమె పాత కారు తలుపు తీసింది. పొట్టి స్టూడెంట్ల కోసం పెట్టే దిండు, నేర్చుకునేవాళ్ల ఎర్ర అక్షరం పలక, అద్దం తుడిచే గుడ్డ. ఏదీ తీయలేదు. స్టీరింగ్ ముందు కూర్చుని, అలవాటు కొద్దీ న్యూట్రల్ చూసుకుని, కీ తిప్పింది.

ఇంజను ఒక్క పెట్టున అందుకుంది.

బావ టై సర్దుకుంటున్న చేయి ఆగింది. కానీ క్లచ్చమ్మ చూసింది అతన్ని కాదు. భర్తని.

“అదెలా స్టార్టవుతుంది?” అన్నాడు భర్త.

ఎలా స్టార్టయిందని కాదు అతను అడిగింది. కాకూడనిది అయినట్టు అడిగాడు. మొహంలో ఆశ్చర్యం కంటే భయం ఎక్కువుంది.

రేడియో బుస్సుమంటోంది. స్టేషను లేదు. పెట్టుకున్నవన్నీ మళ్లీ పోయాయి. గడియారం పన్నెండు దాటి నలభై నిమిషాలు చూపిస్తూ మిణుకుమిణుకుమంటోంది.

ఈ రేడియోతో వారం రోజులుగా కుస్తీ పడుతోంది ఆమె. ముందు ఫ్యూజు చూసింది. బాగానే ఉంది. యాంటెన్నా పిన్ను ఊడిందేమోనని చూసింది. లేదు. రేడియో పెట్టెని బయటికి లాగి, టెస్టింగ్ లైటుతో ఒక్కో తీగా పరీక్షించింది. రేడియోకి కరెంటు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి కీ తిప్పితేనే వచ్చేది. రెండోది కీ తీసేసినా బ్యాటరీ నుంచి ఎప్పుడూ వస్తూనే ఉండేది. స్టేషన్లూ టైమూ గుర్తుండేది ఆ రెండోదాని వల్లే. రెండు తీగలూ చక్కగా ఉన్నాయి. అయినా రేడియో మర్చిపోతోంది.

ఎందుకు మర్చిపోతోందనే వారమంతా అడిగింది. ఎప్పుడు మర్చిపోయిందని ఒక్కసారీ అడగలేదు.

కరెంటు పోయి తిరిగొస్తే ఈ గడియారం పన్నెండు నుంచి మొదలవుతుంది. ఇప్పుడు పన్నెండూ నలభై. ఫోను తీసి చూసింది. తొమ్మిదీ నలభై.

తొమ్మిదింటికి ఎవరో బ్యాటరీకి తీగ తగిలించారు. తగిలించారంటే, అంతకుముందు ఎవరో తీశారు.

ఆమె ఇంజను ఆపకుండానే దిగి బానెట్ ఎత్తింది. బ్యాటరీ నల్ల తీగ మీది ప్లాస్టిక్ టోపీ తిరగేసి పెట్టి ఉంది. నట్టు అంచున పానా జారిన కొత్త గీతలు, వెండిలా మెరుస్తూ.

తొమ్మిదింటికి తను షెడ్డు షట్టరు ముందు ఉంది. భర్త, బావ షోరూంలో ఉన్నారు. ఆ ఫోను చేసింది అక్కడి నుంచే, వెనకాల బావ నవ్వు కూడా వినిపించింది. అమ్మాయి స్కూల్లో ఉంది. ఇంట్లో ఉన్నది ఒక్కరే.

క్లచ్చమ్మ తలెత్తింది. అత్తగారు మెట్ల మీద నిలబడి ఉంది. రెండు చేతులూ తువ్వాలులో చుట్టుకుని.

“అత్తయ్యా,” అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “మీ చేతులు చూపించండి.”

“అమ్మనంటావేంటి?” భర్త దూసుకొచ్చాడు. “బుర్ర పనిచేస్తోందా నీకు?”

అత్తగారు తువ్వాలు విప్పింది. అరచేతి గీతల్లో నల్లటి గ్రీజు. పీచుతో రుద్ది రుద్ది వేళ్ల చివర్లు ఎర్రబడ్డాయి గానీ, గ్రీజు మాత్రం గీతల్లోనే ఉండిపోయింది.

పాత ఇంజను ఒకటే గొణుగుతోంది.

“మీరా?” అంది క్లచ్చమ్మ. కారు పోతుందని రాని కన్నీళ్లు ఇప్పుడు రాబోయాయి. ఈ ఇంట్లో తన బోర్డు చూసి నవ్వని మనిషి ఈవిడొక్కతే అనుకుంది ఇన్నాళ్లూ.

“పెట్టింది నేనే,” అంది అత్తగారు. “తీసింది నేను కాదు.”

ఆవిడ ఒక్కో మెట్టూ దిగి కొడుకు ముందు నిలబడింది.

“నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?”

భర్త బావ వైపు చూశాడు. బావ కొత్త కారు మీద లేని దుమ్ము దులుపుతున్నాడు.

“రెండు మూడుసార్లు ఆగిపోతే తనే విసిగి ఒప్పుకుంటుందని... బావే అన్నాడు,” అన్నాడు చివరికి. “చిన్న నట్టు. కాస్త వదులు చేస్తే చాలన్నాడు. రోజూ పొద్దున్నే వదులు చేశా. కానీ నేను బిగించలేదు! మధ్యాహ్నానికి ఎలా బాగవుతోందో తెలీక హడలి చచ్చాను. నిజంగానే వైరింగ్ పోయిందేమో, దీంట్లో నువ్వు తిరుగుతుంటే ఏమవుతుందోనని నిద్ర కూడా పట్టలేదు.”

“మీరు తీసిన తీగకి మీరే భయపడ్డారా?”

“నవ్వకు.”

“నాకేం నవ్వు రావడం లేదండీ.”

అతను తల దించుకున్నాడు. చిత్రంగా, అప్పుడే కోపం తెచ్చుకున్నాడు కూడా. “మరేం చెయ్యమంటావ్? ఎర్ర అక్షరం పలక తగిలించుకుని షాపుకి వెళ్తుంటే పక్క కొట్టువాళ్లు రోజూ, ఇంకా రాలేదా సార్ డ్రైవింగు అని అడుగుతారు. నాకూ ఒక మంచి కారులో దిగాలని ఉండదా? అడిగితే ఒప్పుకునేదానివా?”

“అడిగి చూడాల్సింది.”

“అబ్బ, వ్యాపారంలో ఇదంతా మామూలే చెల్లెమ్మా,” అన్నాడు బావ నవ్వుతూ. “ఎవరికైనా నష్టం జరిగిందా? ఒక నట్టు. అంతేగా.”

క్లచ్చమ్మ అతని మాట విననట్టే అత్తగారి దగ్గరికి నడిచింది. “మీకు తెలిసి కూడా నాతో ఒక్క మాట చెప్పలేదేం?”

“కొడుకుని దొంగని చేసి నీ ముందు నిలబెట్టలేకపోయా. నట్టు బిగించడమే సులువనిపించింది. కుక్కర్ విప్పి బిగించే చెయ్యి. ఇదెంత?”

ఆవిడ బానెట్ మూయడానికి కోడలితో పాటు వంగింది. రెండు తలలూ దగ్గరయ్యాక గొంతు తగ్గించింది.

“తొందరగా వెళ్లు. అది అక్కడ ఎండలో నిలబడి ఉంటుంది.”

“ఎవరు?”

“నా కూతురు.”

బానెట్ క్లచ్చమ్మ చేతిలోంచి జారి ధబ్బున పడింది.

“మీకెలా...”

“దానికి మొదటి పన్ను ఎప్పుడొచ్చిందో చూసినదాన్ని. ఎన్ని పీకించుకుందో తెలీదా?”

* * *

“సరే. అయిపోయిందిగా,” అన్నాడు బావ గట్టిగా. “ఇక ఎక్స్‌ఛేంజ్ సంగతి చూద్దాం. మా వాళ్లు దారిలో ఉన్నారు.”

“మీ బండి పక్కకి తీయండన్నయ్యా. నాకు దారి కావాలి.”

“తీయను.” అతను కొత్త కారు తాళం జేబులో వేసుకుని, జేబు మీద రెండుసార్లు తట్టాడు. “మావాళ్లొచ్చేదాకా ఇది ఇక్కడే. నీ బండి లోపల, నా బండి బయట. ఎలా వెళ్తావో వెళ్లు.”

గేటు అవతల క్రాసోవర్ అడ్డంగా ఉంది. మనిషి దూరే సందుంది, కారుకి లేదు.

క్లచ్చమ్మ పాత కారు ఎక్కింది. బెల్టు పెట్టుకుంది. అద్దం సర్దుకుంది. కొత్త స్టూడెంటుకి చూపిస్తున్నట్టు ఒక్కొక్కటీ నిదానంగా చేసింది. వెనక తలుపు తెరిచిన చప్పుడు. అత్తగారు మోకాలు పట్టుకుని ఎక్కి, సీటు మధ్యలో కూర్చుంది.

“అత్తయ్యా, మీరెక్కడికి?”

“వెనక సీట్లో ఆడవాళ్లుంటే బండికి నిండుతనమట. పోనీ అమ్మాయ్.”

రివర్సు పడింది. పాత కారు వెనక్కి కదిలింది. గేటు దాటింది. క్రాసోవర్ పక్క తలుపుల వైపు వెళ్తోంది.

“ఏయ్! ఏయ్, చెల్లెమ్మా!”

కొత్త కారు సెన్సారు కూయడం మొదలెట్టింది. కీ... కీ... కీ...

“కొత్త బండి అది! ఇంకా రిజిస్ట్రేషన్ కాలేదు! గీత పడితే నా ఉద్యోగం...”

క్లచ్చమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. “గీత పడేలోపే కూస్తుందన్నారుగా అన్నయ్యా. వింటూ ఉండండి.”

కీకీకీకీ. పాదం క్లచ్చు మీద ఊపిరంత కదిలింది. బండి వేలి మందం వెనక్కి జరిగింది. ఎదురింటి కిటికీలో ఇప్పుడు నలుగురున్నారు. కూత తెగకుండా ఒకటే గీతగా సాగింది.

బావ పరుగెత్తాడు. జేబులోంచి తాళం రావడం లేదు. టై అడ్డం పడింది. “ఆపు! తీస్తున్నా! తీస్తున్నానమ్మా తల్లీ!”

బండి ఆగింది. రెండు కార్ల మధ్య కాగితం దూరేంత సందు.

అత్తగారు వెనక సీట్లో ఊపిరి వదిలింది. “క్లచ్చమ్మ అని ఊరికే అనలేదు నిన్ను.”

క్రాసోవర్ గుర్రుమని ముందుకి కదిలి దారి ఇచ్చింది. క్లచ్చమ్మ స్టీరింగ్ తిప్పి, పాదం క్లచ్చు మీంచి వదిలే లోపు పక్క తలుపు తెరుచుకుంది. భర్త లోపల కూలబడ్డాడు.

“దిగండి.”

“దిగను.”

ఆమె బండి కదిపింది. బండి ఒక్కసారి ఎగిరి ఆగిపోయింది. ఇంజను చచ్చింది.

ఆమె పాదం బ్రేకు మీద లేదు. అతనిది ఉంది.

ఇన్నేళ్లలో ఆ సీట్లో కూర్చున్నది ఆమే. గోడలకీ గేదెలకీ ఎదురెళ్లే స్టూడెంట్లని ఆ బ్రేకు తొక్కి ఆమే ఆపింది. ఆ బ్రేకు ఇంత గట్టిగా పడుతుందని ఈవైపు కూర్చుంటే గానీ తెలియలేదు.

“పాదం తీయండి.”

“అందరి ముందు నన్ను వెధవని చేసి వెళ్లిపోతావా? ఎవరో ముక్కూ మొహం తెలీని స్టూడెంటు కోసం? నాకు చెప్పు, ఎవరామె? నాకంటే, ఈ ఇంటికంటే ఎక్కువా?”

“వాడికి చెప్పకు,” అంది అత్తగారు వెనకనుంచి.

“ఏంటమ్మా చెప్పొద్దంటున్నావ్? నీకు తెలుసా?”

అప్పుడే స్టాండులో పెట్టిన ఫోను మోగింది. తెర మీద ఒక్కటే మాట. వదిన.

క్లచ్చమ్మ చేయి చాపేలోపు అతని వేలు తెర మీద పడింది. స్పీకరు తెరుచుకుంది.

“ఎక్కడున్నావ్?” వదిన గొంతు, రొద మధ్యలోంచి. “పదిన్నర అన్నవాళ్లు అప్పుడే నా నంబరు పిలిచేశారు. ఇంకా రెండు బండ్లు అయ్యాక మళ్లీ పిలుస్తారట, అప్పటికీ లేకపోతే ఇక ఇవాళ లేదన్నారు. చేతులు చెమటలు పడుతున్నాయి. ఆయనకి తెలిసేలోపు అయిపోవాలి. వస్తున్నావా? వింటున్నావా?”

భర్త ఫోను వైపు చూస్తూ ఉండిపోయాడు. పెదవులు మాత్రం కదిలాయి. అక్క.

“దారిలో ఉన్నా,” అంది క్లచ్చమ్మ ఫోనుతో. కళ్లు మాత్రం భర్త మీద ఉన్నాయి. “స్టీరింగ్ మీద చెమట తుడుచుకోవడానికి గుడ్డ తెస్తున్నా. అక్కడే ఉండు.”

ఫోను పెట్టేసింది. రేడియో స్టేషను లేకుండా బుసకొడుతూనే ఉంది. అతని పాదం బ్రేకు మీదే ఉంది.

“ఆ బ్రేకు నేనే దగ్గరుండి బిగించుకున్నా,” అంది ఆమె మెల్లగా. “భయపడి తొక్కేవాళ్ల కోసం కాదు. తొక్కాలో వద్దో తెలిసినవాళ్ల కోసం. ఇప్పుడు తెలిసిందిగా. మీరే చెప్పండి.”

టకటకమని చప్పుడు. బావ అతని వైపు అద్దం మీద వేళ్లతో కొడుతున్నాడు. జారిన టై భుజం మీదుంది.

“ఏంటోయ్, ఎవరు ఫోన్లో? మీ అక్క గొంతులా వినిపించిందేంటి?”

వెనక సీట్లో అత్తగారు ముందుకి వంగి, గ్రీజు చేత్తో కొడుకు భుజం పట్టుకుంది. తెల్ల చొక్కా మీద అయిదు వేళ్లూ అచ్చు పడ్డాయి.

క్లచ్చమ్మ కీ తిప్పింది. ఇంజను అందుకుంది. రేడియో గడియారం పన్నెండు యాభై దాటుతోంది.

భర్త పాదం బ్రేకు మీంచి నెమ్మదిగా లేచింది.

అదే సమయంలో అతని చేయి అద్దం పిడి తిప్పి దాన్ని కిందికి దించడం మొదలుపెట్టింది.

“బావా,” అన్నాడు, “ఒక మాట. ఫోన్లో అక్కే, పళ్ల డాక్టరు దగ్గర ఇంకా ఆలస్యమవుతుందట.”